నూనె మీద తిరిగే క్రాంకు

“బాగా గట్టి బేరింగులు ఏవో చెప్పు తాతయ్యా, ఖరీదైనా పర్లేదు” అన్నాడు మా మనవడు ఫోన్లో. వాడుండేది టెక్సస్‌లో. చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం, పట్టుకున్నది కార్ల పిచ్చి. 2002 నాటి హోండా ఎస్2000 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, సెలవు దొరికితే చాలు ట్రాక్ మీదికి తీసుకెళ్తాడు. ఇప్పుడు దాని ఇంజన్ దింపి, విప్పి, గరాజ్‌లో పాత దుప్పటి మీద పరిచి కూర్చున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో క్రాంక్ గ్రైండింగ్ మిషన్ పక్కన బతికినవాణ్ణి కదా, నా దగ్గర కిటుకులేవో ఉంటాయని వాడి నమ్మకం.

“గట్టివెందుకురా, మెత్తనివి చూసుకో” అన్నాను.

ముసలాయన చాదస్తం అనుకున్నాడేమో, నవ్వి ఊరుకున్నాడు. పక్కన లెక్కలు చేసుకుంటున్న బుజ్జి మాత్రం వదల్లేదు. అది మా అబ్బాయి కూతురు, తొమ్మిదో తరగతి. “నిమిషానికి తొమ్మిది వేల సార్లు తిరిగేదానికి మెత్తనిది ఆగుతుందా?” అంది. వాడికంటే దీనికే చెప్పాలనిపించింది.

ముందు ఏది ఎక్కడుంటుందో చూద్దాం. పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. దాన్ని పట్టుకున్నది కనెక్టింగ్ రాడ్డు. రాడ్డు కింది కన్నులో క్రాంకు పిన్ను తిరుగుతుంది. ఆ కన్నుకీ పిన్నుకీ మధ్య ఉండేవి రాడ్డు బేరింగులు, షెడ్డులో బిగ్ ఎండ్ అంటాం. క్రాంకును బ్లాకులో మోసేవి మెయిన్ బేరింగులు. బేరింగు అనగానే సైకిల్ చక్రంలోని గుండ్లు గుర్తొస్తాయి. ఇక్కడ గుండ్లూ లేవు, రోలర్లూ లేవు. ఒక్కో బేరింగుకీ వంచిన రేకులు రెండు, అంతే. మందం మహా అయితే రెండు మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. వీటిని షెల్స్ అంటాం.

ఈ రేకుల మీద ఎంత బరువు పడుతుందో బుజ్జి చేతే లెక్క కట్టించాను. ఎస్2000 ఇంజన్ స్ట్రోకు 84 మిల్లీమీటర్లు, రాడ్డు పొడవు 153. పిస్టను, రింగులు, పిన్ను, రాడ్డు పై భాగం కలిపి అరకిలో అనుకుందాం. నిమిషానికి 6000 చుట్ల దగ్గర పిస్టను పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో ఆ అరకిలో రాడ్డును లాగే బలం ఒక టన్ను పైచిలుకు. 9000 దగ్గర? చుట్లు ఒకటిన్నర రెట్లయ్యాయి, బలం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి రెండుంబావు రెట్లు. దాదాపు 2.4 టన్నులు! సెకనుకు నూటయాభై చుట్లు. అందులో సగం సార్లు, అంటే పొగ బయటికి తోసే స్ట్రోకు చివర, పిస్టను నెత్తిన ఎదురు నొక్కే గ్యాసు కూడా ఉండదు. ఆ లాగుడంతా బేరింగే భరించాలి.

చాలామంది పవర్ ఎక్కువైతే బేరింగు పోతుందనుకుంటారు. టర్బో పెట్టిన బండికి అది నిజమే. మావాడిలాగా టర్బో లేకుండా చుట్లు పెంచుకునేవాళ్ల ఇంజన్లో మాత్రం బేరింగును చంపేది పెట్రోలు కాదు, పిస్టను బరువు. పేలుడు రాడ్డులోని పై షెల్‌ను నొక్కుతుంది. పిస్టను లాగుడు కింద క్యాప్‌లోని షెల్‌ను నొక్కుతుంది. పాత ఇంజన్ విప్పినప్పుడు ఏ షెల్ ఎక్కువ అరిగిందో చూస్తే ఆ బండిని ఎలా నడిపారో తెలిసిపోతుంది.

“మరి రెండు మిల్లీమీటర్ల రేకు రెండున్నర టన్నులు ఎలా మోస్తుంది?” బుజ్జి పట్టు వదిలే రకం కాదు.

మోసేది రేకు కాదమ్మా, నూనె.

ఇరుసుకు కందెన పెట్టాలన్నది ఎడ్లబండ్ల నాటి నుంచీ అందరికీ తెలుసు. పెట్టిన కందెన లోపల ఏం చేస్తుందన్నది తేలింది 1880లలోనే. ఇంగ్లండులో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ వాళ్లు బీచమ్ టవర్ అనే ఇంజనీరుకు రైలు ఇరుసుల రాపిడి కొలిచే పని అప్పగించారు. ఇరుసు కింది భాగం నూనెలో మునిగి ఉంటుంది, పైన ఇత్తడి బేరింగు కూర్చుని ఉంటుంది. నూనె పోసే గిన్నె బిగిద్దామని ఆ బేరింగు నడినెత్తిన ఆయన ఒక కన్నం వేశాడు. మిషన్ తిప్పగానే ఆ కన్నంలోంచి నూనె పైకి పొంగింది. గోల ఎందుకని బిరడా కొట్టాడు. బిరడా పైకొచ్చేసింది. కర్ర మేకు దిగ్గొట్టాడు, అదీ మెల్లగా బయటికొచ్చింది. ఇంకొకరైతే తిట్టుకుని ఇంకాస్త గట్టి మేకు కొట్టేవాళ్లు. టవర్ ఆ కన్నానికి ప్రెషర్ గేజ్ బిగించాడు. చూస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటి గేజ్ చివరికి పోయింది. ఇరుసు మీద పెట్టిన బరువు సగటున చూస్తే 100 పౌన్లే! అంటే ఇత్తడి ఇరుసును తాకడమే లేదు, మధ్యలో చేరిన నూనె పొర దాన్ని పైకెత్తి మోస్తోంది.

ఆ పీడనం ఎక్కడి నుంచి వచ్చిందో 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్కలతో చూపించాడు. బరువు వల్ల ఇరుసు సరిగ్గా మధ్యన ఉండదు, ఓ పక్కకి ఒరుగుతుంది. దాంతో సందు ఒకవైపు వెడల్పుగా మొదలై ముందుకుపోయే కొద్దీ ఇరుకవుతుంది. తిరిగే ఇరుసు తనకంటుకున్న నూనెను ఆ ఇరుకులోకి ఈడ్చుకెళ్తుంది. నూనె నలిగి చిన్నదవదు, పక్కలకి కారిపోవడానికి వ్యవధి ఉండదు. ఇక పీడనం పెరగక ఏమవుతుంది? సబ్బు నీళ్లు పడ్డ గచ్చు మీద పరుగెత్తితే కాలు జారేదీ ఇందుకే: మడమకీ గచ్చుకీ మధ్య నీటి పొర చిక్కుకుని మనిషినే ఎత్తేస్తుంది. మెల్లగా నడిస్తే ఆ నీరు పక్కకి పోయి కాలు గచ్చును పట్టుకుంటుంది. ఇంట్లో అది ప్రమాదం, ఇంజన్లో అదే ప్రాణం.

ఇక్కడ మావాడికొక మాట చెప్పాల్సి వచ్చింది. ఆయిల్ పంపు ప్రెషరే క్రాంకును తేలుస్తుందనుకుంటున్నాడు. పంపు ఇచ్చేది చదరపు సెంటీమీటరుకు నాలుగైదు కిలోలు. మనం లెక్క కట్టిన 2.4 టన్నులను 48 మిల్లీమీటర్ల పిన్ను, 20 మిల్లీమీటర్ల వెడల్పు షెల్ మీద పరిస్తే సగటునే చదరపు సెంటీమీటరుకు 250 కిలోలు. పంపు ప్రెషర్‌కి యాభై రెట్లు. అసలు బరువు పడే చోట ఇంకా ఎక్కువే. పంపు పని సరుకు అందించడం వరకే. మోత బలం పుట్టేది పిన్ను తిరుగుడులోంచి.

సరే, లోహం లోహాన్ని తాకనప్పుడు షెల్ ఏ లోహమైతే ఏం? ఇనప షెల్ వేసేయొచ్చు కదా? తాకని సేపు ఏదైనా ఒకటే. తాకే క్షణాలు కొన్ని ఉంటాయి. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి చుట్లలో నూనె పొర ఇంకా కట్టుకోదు. ట్రాక్ మీద పొడవాటి మలుపులో నూనె అంతా ఇంజన్ అడుగున అది నిలిచే సంపులో ఓ మూలకి పోయి పంపు గాలి మింగుతుంది. ఫిల్టర్‌ని తప్పించుకున్న ఇసుక రేణువో, ఇనప రజనో వస్తుంది. బాగా బరువు పడ్డప్పుడు నూనె పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు దిగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ కాస్త సందులోకి పది మైక్రాన్ల రేణువు దూరిందనుకో. షెల్ మెత్తగా ఉంటే ఆ రేణువు షెల్ ఒంట్లోకి దిగబడిపోతుంది, పిన్ను బతికిపోతుంది. షెల్ గట్టిగా ఉంటే రేణువు మధ్యలో నిలబడి పిన్నును గీరుతుంది. షెల్ వందల్లో వస్తుంది, క్రాంకు అలా రాదు. పోవాల్సి వస్తే ఏది పోవాలో ముందే నిర్ణయించి పెట్టిన ఏర్పాటు ఇది.

అయితే ఊరికే మెత్తగా ఉంటే చాలదు, అసలు చిక్కు అక్కడే. 1839లో అమెరికాలో ఐజక్ బాబిట్ అనే ఆయన తగరంలో కాస్త యాంటిమొనీ, కాస్త రాగి కలిపి మెత్తని బేరింగు లోహం తయారు చేశాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. ఫోర్డ్ మోడల్ టి నాటికి దాన్ని కరిగించి నేరుగా బ్లాకులోనూ రాడ్డులోనూ పోసి, చల్లారాక చేత్తో గీకి సరిచేసేవాళ్లు. రేణువుల్ని అది బ్రహ్మాండంగా మింగుతుంది. కానీ సెకనుకు వందసార్లు టన్నుల బరువు పడి లేస్తుంటే అలిసిపోతుంది, పగిలి పెచ్చులూడుతుంది. మెత్తని లోహానికి అలుపు తగ్గించాలంటే దారొకటే: దాని పొరను వీలైనంత పల్చగా చేసి, వెనక గట్టి లోహాన్ని ఆసరాగా ఇవ్వాలి.

పల్చని ఉక్కు రేకు మీద బేరింగు లోహం పరిచి, గీకే పని లేకుండా నేరుగా అమర్చుకునే షెల్స్‌ను అమెరికాలో క్లీవ్‌లాండ్ గ్రాఫైట్ బ్రాంజ్ కంపెనీ చేసేది. ఈ కంపెనీయే తర్వాత క్లెవైట్ అని పేరు మార్చుకుంది, ఆ పేరు ఇప్పటికీ షెల్స్ డబ్బాల మీద కనిపిస్తుంది. 1930లలో లండన్ నుంచి టోనీ వాండర్వెల్ అనే వ్యాపారి వెళ్లి, ఆ షెల్స్ ఇంగ్లండులో చేసుకునే హక్కు తెచ్చుకున్నాడు. ‘థిన్‌వాల్’ అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫెరారీ కార్లు కొని, ఆకుపచ్చ రంగు వేయించి, ‘థిన్‌వాల్ స్పెషల్’ అని బేరింగు పేరుతోనే రేసుల్లో దించాడు. ఇటలీ వాళ్ల ఎర్ర కార్లను ఓడించాలన్న పంతంతో చివరికి సొంత కారే కట్టాడు. తన పేరులోంచి సగం, థిన్‌వాల్‌లోంచి సగం కలిపి దాని పేరు వాన్‌వాల్. 1957లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీ గెలిచింది. 1958లో ఫార్ములా వన్‌లో కార్ల తయారీదార్లకు మొట్టమొదటిసారి ఛాంపియన్‌షిప్ పెడితే అదీ ఎగరేసుకుపోయింది. బేరింగులు అమ్ముకునే మనిషి ఫెరారీని ఓడించాడని విన్నప్పుడల్లా నాకు మా ఆటోనగర్ ఛాతీ కాస్త విచ్చుకున్నట్టనిపిస్తుంది.

“అదేంటి, రేసు ఇంజన్లలో రోలర్ బేరింగులు ఉండేవంటారుగా?” అన్నాడు మావాడు. ఉండేవి. 1954, 55లలో రేసర్ ఫాంజియో నడిపిన మెర్సిడెస్ డబ్ల్యూ196లో క్రాంకు ముక్కలుగా చేసి బిగించిందే, అంతా రోలర్లే. మన రోడ్ల మీది వంద సీసీ బైకుల్లో బిగ్ ఎండ్ ఇప్పటికీ రోలరే. పాత ఆర్‌ఎక్స్100లో నూనె పెట్రోల్లో కలిసి వచ్చేది కాబట్టి ప్రెషర్‌తో తోసే మార్గమే లేదు, రోలరే గతి. కానీ రోలరు మోసేది సన్నటి గీత మీద, నూనె పొర మోసేది పరుపంత వైశాల్యం మీద. రోలరు వేయాలంటే క్రాంకును ముక్కలు చేయాలి, ముక్కలు చేసిన క్రాంకు నాలుగు సిలిండర్ల ఇంజన్లో బోలెడు ఖర్చు. మంచి షెల్స్, మంచి నూనె వచ్చాక ఆ యాతన ఎవరికీ అక్కర్లేకపోయింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున తిరిగిన ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్లకైతే ఈ బాధ ఏదీ లేదు. క్రాంకే లేదు కదా.

ఇప్పుడు బజార్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రెండు లోహాలది: ఉక్కు రేకు మీద అల్యూమినియం మిశ్రమం. అందులో కాస్త తగరం, కాస్త సిలికాన్. మామూలు కార్లకి కంపెనీలు ఎక్కువగా ఇవే వేస్తున్నాయి, మన్నిక బాగుంటుంది, సీసం గొడవ లేదు. రెండోది మూడు లోహాలది: ఉక్కు రేకు, దాని మీద రాగి మిశ్రమం, ఆపైన సన్నటి నికెల్ పొర, అన్నిటికంటే పైన సీసం, తగరం కలిసిన బూడిద రంగు చర్మం. రేసుల వాళ్లు వాడేది ఎక్కువగా ఇదే. మామూలు వాటిలో ఆ చర్మం పాతిక మైక్రాన్ల లోపు ఉంటుంది. రేసు షెల్స్‌లో పది, పన్నెండుకి తగ్గిస్తారు. పల్చబడే కొద్దీ అలుపు తట్టుకుంటుంది, రేణువుల్ని మింగే శక్తి తగ్గుతుంది. అందుకే రేసు షెల్ వేసుకున్నవాడు నూనె, ఫిల్టర్ తరచూ మార్చుకోవాలి. వారమంతా ఆఫీసుకి తిప్పి ఆదివారం ట్రాక్ మీదికెళ్లే బండికి ఈ బేరం ఎంతవరకు లాభమో ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

లోహం కంటే నాకు పట్టింపు ఉన్నది క్లియరెన్స్ మీద. పిన్నుకీ షెల్‌కీ మధ్య ఎంత సందు? పాతకాలపు లెక్క తేలికే: పిన్ను వ్యాసంలో వెయ్యో వంతు. 48 మిల్లీమీటర్ల పిన్నుకి 48 మైక్రాన్లు. చుట్లు పెంచేవాళ్లు ఆపైన ఓ పది మైక్రాన్లు వదులుతారు, ఎందుకంటే వేగం పెరిగితే నూనె వేడెక్కుతుంది, ఆ వేడిని మోసుకుపోవడానికి ఎక్కువ నూనె పారాలి. కానీ వదులు చేస్తూ పోవడానికి లేదు. పక్కల నుంచి కారిపోయే నూనె సందు ఘనంతో పెరుగుతుంది. 40 మైక్రాన్లను 50 చేస్తే కారుడు దాదాపు రెట్టింపు! నాలుగు రాడ్లు, ఐదు మెయిన్లు అన్నీ అలా వదిలేస్తే పంపు ఎక్కడని తోస్తుంది? సందు పెంచినవాడు నూనె చిక్కదనం కూడా పెంచుకోవాలి. అమెరికాలో ఆ కారుకి హోండా చెప్పింది 10డబ్ల్యూ-30 నూనె. ఫ్యాక్టరీ సందు ఉంచుకుంటే అది చాలు. సందు పెంచి ట్రాక్ మీద తిప్పితే 40 గ్రేడుకి వెళ్లాల్సిందే.

కొలిచే పద్ధతి మావాడికి వీడియోలో చేయించాను. రాడ్డులో షెల్స్ పెట్టి, క్యాప్ వేసి, ఏ బోల్టులతో ఇంజన్ నడుస్తుందో ఆ బోల్టులతోనే, అంత టార్క్‌కే బిగించమన్నాను. బోల్టు మారితే కన్ను ఆకారం మారుతుంది. మైక్రోమీటర్‌తో పిన్నును నాలుగు చోట్ల కొలిచాడు. మైక్రోమీటర్‌ని ఆ కొలత దగ్గర లాక్ చేసి, దాని దవడల మధ్య బోర్ గేజ్ పెట్టి సున్నా చేశాడు. ఇప్పుడు గేజ్‌ని రాడ్డు కన్నులో, రాడ్డు నిలువుకి సరిగ్గా వరసలో పెట్టి అటూ ఇటూ ఊపాడు. ముల్లు ముందుకు పోయి, ఒక చోట ఆగి, వెనక్కి తిరిగింది. ఆ తిరిగిన చోటే అసలు అంకె. నలభై రెండు.

“అడ్డంగా పెడితే అరవై చూపిస్తోంది తాతయ్యా, రాడ్డు వంకర పోయిందా?” అని కంగారు పడ్డాడు.

పోలేదు. షెల్ అంతటా ఒకే మందం ఉండదు. నడిమిన మందంగా, రెండు షెల్స్ కలిసే అంచుల దగ్గర పల్చగా చేస్తారు. 9000 దగ్గర పిస్టను లాగుడుకి రాడ్డు కన్ను నిలువునా సాగుతుంది. నిలువునా సాగితే అడ్డంగా నొక్కుకుంటుంది. ఆ పక్కల్లో ముందే జాగా వదలకపోతే షెల్ అంచులు పిన్ను మీది నూనెను గోకేస్తాయి. రేసు షెల్స్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ పెడతారు. చుట్లు పెంచే ఇంజన్‌కి షెల్స్ కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద పెద్ద మాటల కంటే నేను ముందు చూసేది ఈ తేడానే.

కొలతల దగ్గర ఇంకొక చిక్కుంది, అది మన ఎండలకి బాగా తెలిసింది. కొలతలన్నిటికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 48 మిల్లీమీటర్ల ఉక్కు ఒక్కో డిగ్రీకి అర మైక్రాన్ పైచిలుకు వ్యాకోచిస్తుంది. పిన్నును ఏసీ గదిలో కొలిచి, రాడ్డును ఎండలో కాగే గరాజ్‌లో కొలిస్తే, ఇరవై డిగ్రీల తేడాకి పదకొండు మైక్రాన్లు అబద్ధం వస్తుంది. ఉన్న సందులో అది పావు వంతు. రాడ్డు, క్రాంకు, మైక్రోమీటర్ మూడూ రాత్రంతా ఒకే గదిలో పడుకోవాలి. టెక్సస్ ఎండలు బెజవాడకేం తీసిపోవు, కాబట్టి అన్నిటినీ పడగ్గదిలోకి చేర్చమన్నాను. వాడి భార్య ఏమందో అడగలేదు.

బోర్ గేజ్ లేనివాళ్లకి ప్లాస్టిగేజ్ ఉంది. సన్నటి మైనపు దారం. పిన్ను మీద పెట్టి క్యాప్ బిగిస్తే నలుగుతుంది, విప్పి దాని వెడల్పును కాగితం మీది గీతలతో పోల్చుకోవాలి. ఆకుపచ్చ దారం 25 నుంచి 76 మైక్రాన్ల దాకా చూపిస్తుంది. బిగించాక క్రాంకును తిప్పకూడదు. సరిచూసుకోవడానికి పర్లేదు గానీ, 9000 తిప్పే ఇంజన్ని దాని ఒక్కదాని మాట మీద కట్టొద్దు.

హోండా వాళ్ల రంగుల పద్ధతి నాకు భలే నచ్చుతుంది. బ్లాకు కన్నం సైజు బ్లాకు మీద, బేరింగులో తిరిగే గుండ్రటి భాగం, అంటే జర్నల్, సైజు క్రాంకు మీద, రాడ్డు కన్ను సైజు రాడ్డు మీద అంకెలూ అక్షరాలుగా కొట్టి ఉంటాయి. కన్నం సైజూ జర్నల్ సైజూ కలిపి పట్టికలో చూస్తే ఏ రంగు షెల్ వేయాలో వస్తుంది. షెల్ అంచున చిన్న రంగు మచ్చ. నీలం అన్నిటికంటే మందం, అక్కడి నుంచి నలుపు, గోధుమ, ఆకుపచ్చ, పసుపు, గులాబీ, చివరికి ఎరుపు. ఒక్కో మెట్టుకీ తేడా కొన్ని మైక్రాన్లే. పైన ఒక రంగు, కింద పక్క రంగు వేసి ఇంకా సన్నగా సరిచేసుకోవచ్చు. నేను గ్రైండింగ్ పట్టేటప్పుడు పది థౌ, ఇరవై థౌ అండర్‌సైజులే లోకం; థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కంపెనీ ఇంత ఓపికగా కూర్చుని మైక్రాన్లు పంచుతుందని అప్పట్లో ఎవరైనా చెప్తే నవ్వేవాళ్లం. క్రాంకుకి నైట్రైడింగ్ చేసి ఉంటే మాత్రం గ్రైండింగ్ జోలికే పోకూడదు, ఆ గట్టి పొర చాలా పల్చన, కొట్టేస్తే మళ్లీ చేయించాలి.

ఇదే 48 మిల్లీమీటర్ల పిన్ను గురించి ఓ తమాషా. అమెరికా స్టాక్ కార్ రేసుల వాళ్లు తమ వీ8 ఇంజన్లలో రాడ్డు పిన్నును సన్నం చేసి, ఈ హోండా సైజుకి తెచ్చుకున్నారు. దానికి ‘హోండా జర్నల్’ అనే పేరు పడిపోయింది. పిన్ను సన్నమైతే అంచు వేగం తగ్గుతుంది, నూనెను చీల్చుకు తిరిగే రాపిడి తగ్గుతుంది. 9000 దగ్గర 48 మిల్లీమీటర్ల పిన్ను అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. షెవర్లే వాళ్ల 53 మిల్లీమీటర్ల పిన్ను 90తో. ఆ తేడాలో వాళ్లకి కాస్త పవర్ కలిసొచ్చింది.

షెల్ కన్నులో తిరిగిపోకుండా పట్టుకునేది అంచున ఉండే చిన్న లాక్ అనుకుంటారు. లాక్ ఉన్నది పెట్టేటప్పుడు సరైన చోట కూర్చోవడానికే. అసలు పట్టు షెల్ కొసలది. అవి కన్నంలో సగం కంటే వెంట్రుకవాసి పైకి ఉంటాయి, క్యాప్ బిగించినప్పుడు రెండూ ఒకదాన్నొకటి తోసుకుని వీపును కన్నుకి అదిమేస్తాయి. బిగుతుగా ఉన్నాయని కొసలకి ఆకురాయి పెట్టే మహానుభావుల్ని చూశాను. ఆ ఇంజన్లు తొందరగానే తిరిగొచ్చేవి, కాలిన నీలం రంగు రాడ్డుతో సహా. షెల్ వీపునా, కన్నులోనా నూనె చుక్క ఉండకూడదు. నూనె పూయాల్సింది లోపలి ముఖానికే.

మెయిన్ల దగ్గర పై షెల్‌కి గాడి ఉండాలి, రాడ్డుకి నూనె పోయేది ఆ గాడిలోంచే. కింది షెల్ నున్నగా ఉండాలి. బరువు మోసేది కిందిదే. రెండిటికీ గాడి ఉంటే నూనె బాగా పోతుందని కొందరు రెండూ గాడివే వేస్తారు. వెడల్పాటి నూనె పొరను మధ్యకి చీల్చి రెండు ఇరుకు పొరలు చేస్తే రెండిటి నుంచీ పక్కలకి కారుడే ఎక్కువవుతుంది, మోత పడిపోతుంది.

ఇదంతా అయ్యాక మావాడు విప్పిన పాత షెల్స్ కెమెరా దగ్గరికి తెచ్చాడు. మూడు రాడ్లవి బూడిద రంగులో, నడిమిన కాస్త మెరుపుతో ఉన్నాయి. ఆరోగ్యం. మూడో రాడ్డు క్యాప్ షెల్‌కి మాత్రం నడిమిన తుడిచేసినట్టు ఓ మరక, గోటితో తడిమితే అంచు తగులుతోందన్నాడు. దుమ్ము గీతలు లేవు. అంటే మట్టి కాదు, నూనె అందలేదు. కింది షెల్ కాబట్టి ఎక్కువ చుట్ల దగ్గర అందలేదు. “ఆ ట్రాక్ మీద పొడుగాటి మలుపు ఎటు?” అంటే “కుడికి, మూడో గేర్లో, ఎనిమిదిన్నర వేల దగ్గర” అన్నాడు. ఇక వెతుక్కోవాల్సింది షెల్స్ కొట్లో కాదు, సంపులో. నూనె ఓ మూలకి పరుగెత్తకుండా సంపులో అడ్డు రేకులు పెట్టించమన్నాను.

మరి షెల్స్? నా ఓటు రంగు పట్టిక ప్రకారం కంపెనీవే, నిలువు సందు 45, 50 మైక్రాన్ల మధ్యకి వచ్చేలా రంగులు కలుపుకుని. రాడ్డు బోల్టులు కొత్తవి. ఎప్పుడైనా టర్బో బుద్ధి పుడితే అప్పుడు పల్చటి చర్మం ఉన్న మూడు లోహాలవి, అంచుల తేడా ఎక్కువ ఉన్నవి చూద్దాం. వాడు ముందే కొనుక్కోవాలని చూసిన షెల్స్ ఖరీదు చెప్పాడు. ఆ డబ్బుతో సంపు పనీ, ఆయిల్ కూలరూ రెండూ వచ్చేస్తాయి.

స్టార్ట్ చేసే రోజు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పమన్నాను. మొదటి నూనె తీసేటప్పుడు ఫిల్టర్ పారేయకుండా డబ్బా కోసి, లోపలి కాగితాన్ని విప్పి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూడాలి. కాస్త బూడిద తళుకు ఉంటే పర్లేదు, కొత్త భాగాలు ఒకదానికొకటి అలవాటు పడుతున్నాయి. రాగి రంగు కనిపిస్తే మాత్రం ఇంకో రౌండు వేసి చూద్దామని ఆశపడొద్దని, తాళం తీసి జేబులో వేసుకుని నాకు ఫోన్ చెయ్యమని చెప్పాను. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. ఎంత రాత్రయినా పర్లేదన్నాను.